మెజివొదీ చెరువూ, బ్లాజెనా ఇత్తడి ముక్కా

మెజివొదీ చెరువు కట్ట మీద నిలబడి ఉమ్మితే, ఆ ఉమ్మి ఏ సముద్రంలో కలవాలో గాలి తేలుస్తుంది. ఎడమ తూములోంచి పోయే నీళ్లు బొహీమియా వాగుల్లో పడి, లాబే నదిని పట్టుకుని ఉత్తర సముద్రానికి పోతాయి. కుడి తూములోంచి పోయేవి మొరావియా వైపు జారి, డాన్యూబ్‌లో కలిసి నల్ల సముద్రం చేరతాయి. చెరువు ఒకటే, ఊరు ఒకటే, గుట్ట మీద చిన్న చర్చి ఒకటే, బీరు పోసే కొట్టూ ఒకటే. పోట్లాట మాత్రం రెండు సముద్రాలకు సరిపడా ఉంది.

"మీ నీళ్లతో ఎక్కడో టర్కీవాడు మీసాలు కడుక్కుంటాడురా" అని బొహీమియా వైపుండే పైకొసవాళ్లు ఎకసెక్కాలాడతారు. "మీవి హాంబుర్గ్ ఓడల కింద మురుగు. ఆ టర్కీవాడైనా నయం, మీసం ఉంది" అని మొరావియా వైపుండే కిందికొసవాళ్లు అంటిస్తారు. ఇదేదో నిన్నటి మాట కాదు. ఊరు ఇద్దరు జమీందార్ల చేతిలో ఉన్న రోజుల్లో మొదలైంది. ఒకప్పుడు దేశాన్నేలిన మహారాణి కాలంలో కొలతలవాళ్లు వచ్చి, ఊరి నడుమ పారే వాగు మధ్యలో సరిహద్దు రాయి పాతారు. ఆ సరిహద్దును సర్కారు ఎప్పుడో కాగితం మీద కొట్టేసింది. రాయి మీద ఇప్పుడు బాతులు కూర్చుంటాయి. మావాళ్ల బుర్రల్లో ఉన్న రాయిని మాత్రం ఎవరూ పీకలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఊళ్లో జర్మన్ మాట్లాడే ఇళ్లవాళ్లందరినీ పంపేశారు. మోయగలిగినంత మూట కట్టుకుని వాళ్లు పోయారు. ఖాళీ ఇళ్లలోకి ఎక్కడెక్కడివాళ్లో వచ్చి దిగారు. వచ్చినవాళ్లకు ఊరి దారులు తెలియక ముందే ఊరి పగలు తెలిసిపోయాయి. అలోయిస్ అనే ఆయన అలాగే ఒక మేకను తోలుకుని, ఎక్కడో తూర్పు నుంచి వచ్చి పైకొసలో ఇల్లు పట్టాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఏడాది తిరక్కుండానే ఊళ్లో పుట్టినవాళ్ల కంటే పెద్ద పైకొసవాడైపోయాడు. ఆ తర్వాత పైకొస అగ్నిమాపక దళానికి నాయకుడూ అయ్యాడు.

అవును, దళాలు కూడా రెండే. ఊరంతా కలిసి బీరు కొట్టులో కూర్చుంటే ఇంకా కుర్చీలు మిగులుతాయి. అయినా చెరువుకు అటో పంపుల కొట్టు, ఇటో పంపుల కొట్టు. రెండింటి తలుపులూ ఎదురెదురుగా, ఒకదాన్నొకటి మింగేసేలా చూస్తూ ఉంటాయి. రెండు జెండాలు, రెండు పంపులు, ఇద్దరు నాయకులు.

బ్లాజెనా కిందికొస పిల్ల. తాత అక్కడి దళానికి నాయకుడు. ఆమెకు ఏడేళ్లప్పుడు, కోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం వాళ్ల గడ్డి కొట్టంలో మంట పుట్టింది. చర్చి గంట కొట్టారు. తాత దళం చెరువు నుంచి పంపు లాక్కొచ్చి నీళ్లు పట్టింది. కాసేపటికి వాళ్ల గొట్టం నిలువునా చీలిపోయింది. ఈలోగా పైకొసవాళ్లు తమ గొట్టాలు భుజాన వేసుకుని వంతెన దాటి పరిగెత్తుకొచ్చారు. ఎన్ని అనుకున్నా గంట మోగితే కాళ్లు ఆగవు, అంతవరకు మావాళ్లను మెచ్చుకోవాలి.

వచ్చారు సరే, గొట్టం కలవలేదు. పైకొస గొట్టం చివర మర ఉంది, తిప్పి బిగించాలి. కిందికొస పంపుకు కొక్కేలు ఉన్నాయి, నొక్కి తగిలించాలి. ఒక నాయకుడి చేతిలో గొట్టం కొస, ఇంకో నాయకుడి చేతిలో పంపు మూతి. మధ్యలో బెత్తెడు దూరం.

"మర ఉండాలయ్యా ఎక్కడైనా. కొక్కెం ఏమిటి, కోటు తగిలించుకోవడానికా?" అన్నాడు పైకొసాయన.

"ప్రపంచమంతా కొక్కేలే. మీరే సీసా మూతలు పట్టుకు తిరుగుతున్నారు" అన్నాడు తాత.

ఇల్లు కాలుతుంటే చుట్టకు నిప్పడిగినవాడే నయం, వాడు కనీసం ఏదో ఒకటి వెలిగించుకున్నాడు. వీళ్లు వాదించుకుంటుండగానే కొట్టం పైకప్పు కూలింది. అక్కణ్నుంచి మంట ఇంటికి పాకింది. బ్లాజెనా చెప్పులు కూడా లేకుండా బయటికి పరిగెత్తి, కోసిన చేలో మోళ్ల మీద నిలబడి అంతా చూసింది. అరికాళ్ల నుంచి రక్తం కారుతోందని ఆ పిల్ల సాయంత్రం దాకా గమనించలేదు.

ప్రాణం పోలేదు. ఆవు కూడా బతికింది. మంట ఆరాక బ్లాజెనా తల్లి అనెష్కా బూడిద కెలికి, నేలమాళిగలో కాలిన బంగాళాదుంపలు బయటికి తీసింది. పళ్లెంలో పెట్టి వరసగా అందరికీ పంచింది. ఇద్దరు నాయకుల ముందూ నిలబడింది.

"తినండి. బాగా ఉడికాయి" అంది.

ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారని సామెత. మావాళ్లు ఆ ఆకులు కూడా పట్టుకోలేదు. మర మరగానే ఉండిపోయింది, కొక్కెం కొక్కెంగానే ఉండిపోయింది.

మళ్లీ ఇల్లు కట్టుకున్నారు. అనెష్కా మాత్రం ఆ యేటి నుంచి ఒక అలవాటు చేసుకుంది. ఎండుగడ్డి కోతలు మొదలవగానే, ఒకసారి ఈకల దుప్పటి పరిచి, అందులో ఏవేవో పెట్టి, నాలుగు కొసలూ అడ్డంగా వేసి ముడి బిగించిన మూటను వీధి తలుపు పక్కన పెట్టుకునేది. యుద్ధం తర్వాత పక్కింటి జర్మన్ ఆవిడ వెళ్లేటప్పుడు మూట ఎలా కట్టిందో సరిగ్గా అలాగే. మొదటి మంచు కురిశాక దాన్ని విప్పకుండా అటక మీద పడేసేది. వచ్చే వేసవికి మళ్లీ దించేది. వేసవంతా ఆమెకు నిద్ర కుక్కనిద్రే. గంట కాస్త వేళ తప్పి మోగితే చాలు, మూట వీపున వేసుకుని వీధిలో ఉండేది.

"ప్రయాణాల అనెష్కా బయల్దేరిందిరోయ్" అని కుర్రకారు నవ్వేవాళ్లు. బ్లాజెనా ఆ నవ్వులు వింటూ పెరిగింది. ఆమెకు పెద్ద పెద్ద కోరికలేం లేవు. పట్నం చూడాలని లేదు, పట్టుబట్టలు కట్టాలని లేదు. అమ్మ ఒక్క వేసవైనా ఆ మూట విప్పి, కాళ్లు చాపుకుని నిద్రపోవాలి. అంతే. అది జరగాలంటే ఊళ్లో నీళ్లు పైకప్పు దాకా ఎక్కుతాయని అమ్మకు నమ్మకం కుదరాలి. ఆ నమ్మకం ఆ బెత్తెడు దూరం దగ్గరే ఆగిపోయిందని బ్లాజెనాకు తెలుసు.

పెద్దదయ్యాక ఉమ్మడి వ్యవసాయ క్షేత్రంలో ఆవుల దగ్గర పనికి కుదిరింది. అక్కడి మరమ్మతు కొట్టంలో రాదిమ్ అనే కుర్రాడు లేతు మిషను మీద పని చేసేవాడు. మాట తక్కువ మనిషి. పోయి పోయి అలోయిస్ కొడుకు. పాలడబ్బా మూత వంగిందని ఒకసారి, వంగకపోయినా మూడుసార్లు బ్లాజెనా అతని దగ్గరికి వెళ్లింది. చివరికి ఒకరోజు రాదిమ్ ఉంగరం మాటెత్తాడు.

"ఉంగరం వద్దు. ఒక వైపు మర, ఇంకో వైపు కొక్కెం ఉండే ముక్క ఒకటి చేసిపెట్టు. మీ గొట్టం మా పంపుకు తగలాలి" అంది.

రాదిమ్ చాలాసేపు ఆలోచించాడు. "మా మర కొలత నా దగ్గరుంది. మీ కొక్కెం కొలత ఎవరిస్తారు? మీ కొట్టు గడప తొక్కితే మీ అన్న నా కాళ్లు విరగ్గొడతాడు."

"అది నీ తిప్పలు" అంది బ్లాజెనా.

కొలత పెళ్లిరోజున దొరికింది. మా వైపు పెళ్లివాళ్లు వచ్చే దారికి అడ్డంగా తాడు కట్టి, పెళ్లికొడుకు పోయించిన సారా తాగితేగాని వదలరు. మెజివొదీలో తాడు కట్టరు, దళంవాళ్లు గొట్టం లాగుతారు. ఆ రోజు వంతెనకు ఈ చివర పైకొస గొట్టం, ఆ చివర కిందికొస గొట్టం. బ్లాజెనా అన్న వెండెలిన్ అప్పటికి తాత చోట్లో నాయకుడయ్యాడు. కిందికొస గొట్టం కొస పట్టుకుని, చెల్లెల్ని ఎత్తుకుపోతున్న దొంగను చూసినట్టు చూస్తున్నాడు. రాదిమ్ సీసాలు పంచాడు. అందరూ తలలు పైకెత్తి గొంతులో పోసుకుంటుండగా, పెళ్లికొడుకు కొత్త పంట్లాం బురద చేసుకుని మోకాళ్ల మీద కూర్చుని, కోటు జేబులోంచి కొలత సాధనం తీసి కొక్కేలు కొలుచుకున్నాడు.

"పెళ్లికొడుకు అప్పుడే కాళ్ల మీద పడ్డాడు, ఇంకేం, కాపురం బాగుంటుంది" అన్నారెవరో.

ఆ చలికాలంలోనే పాత నూర్పిడి యంత్రంలోని ఇత్తడితో రాదిమ్ ముక్క తయారు చేశాడు. రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువైనది. బ్లాజెనా దాన్ని తువ్వాలులో చుట్టి, కొత్త కోడలి ధైర్యంతో మామగారి ముందు పెట్టింది. అలోయిస్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పని బాగుంది" అన్నాడు. "కానీ కోడలా, నా గొట్టంలోకి వాళ్ల నీళ్లు వచ్చిన రోజున ఆ గొట్టాన్ని చెరువులో పారేస్తా."

"నీళ్లు వాళ్లవీ మనవీ ఏమిటి మావయ్యా, ఒకే చెరువు కదా."

"పంపులోకి వెళ్లేదాకా ఒకటే. ఆ తర్వాత వాళ్లవి."

అన్న దగ్గరికి వెళితే అక్కడా అంతే. "కలుపుతాం, సరే. ఆర్పినవాడు ఎవడని రాస్తారు? మన పేరా, వాళ్ల పేరా?" అన్నాడు వెండెలిన్.

"మనిల్లు కాలినప్పుడు ఎవరి పేరు రాశారన్నయ్యా?"

వెండెలిన్ ముఖం గంటు పెట్టుకున్నాడు. "నువ్వు వాగు దాటిపోయావు. ఇంక ఆ మాట నీకెందుకు?"

రెంటికీ చెడిన రేవడయింది బ్లాజెనా పని. పైకొసలో ఆమె మొరావియా పిల్ల, కిందికొసలో పారిపోయిన పిల్ల. ఇత్తడి ముక్క వంటింట్లోకి చేరింది. విరిచిన పాలను గుడ్డలో కట్టి, మీద చెక్క పెట్టి, నీరు పిండడానికి ఆ చెక్క మీద ఏదైనా బరువు పెడతాం కదా. అలా ఆ బరువయింది. ఎనిమిదేళ్ల కాపురంలో ప్రతి వారం బ్లాజెనా దాన్ని ఎత్తింది, దించింది. పాలగడ్డ మాత్రం ఊళ్లో అందరికంటే గట్టిగా వచ్చేది.

ఈలోగా జిల్లావాళ్లు కిందికొసకు కొత్త పంపు ఇచ్చారు, కొక్కేలదే. గొట్టాలు మాత్రం రెండే ఇచ్చి, మిగతావి వచ్చే నెల అన్నారు. ఆ నెల ఇంకా రాలేదు. పైకొస దగ్గర గుట్ట దాకా సరిపోయే గొట్టాలున్నాయి, అతుకులవే అనుకోండి, ఉన్నాయి. వాళ్ల పంపు మాత్రం యుద్ధానికి ముందుది. దానికి బార్బోరా అని పేరు. మంచం పట్టిన మేనత్తను పరామర్శించినట్టు ఆదివారాలు వెళ్లి దాన్ని చూసి వచ్చేవాళ్లు. అంటే ఒకరి దగ్గర పంపు ఉంది, గొట్టం లేదు. ఇంకొకరికి గొట్టం ఉంది, పంపు లేదు. ఈ సంగతి ఊళ్లో గొడ్డూగోదకు కూడా తెలుసు. పైకి అన్నవాడు మాత్రం లేడు.

అప్పుడొచ్చింది ఆ ఎండల యేడు. వాన జాడ లేదు. చెరువు కుంగిపోయి రెండు తూములూ గాలి పీల్చుకున్నాయి. ఏ సముద్రానికీ మా ఊరి నుంచి చుక్క పోలేదు. గడ్డి పట్టుకుంటే పొడి అయ్యేది. అనెష్కా మూట తలుపు పక్క నుంచి మంచం పక్కకు వచ్చింది. ఆమె కూర్చునే కునికేది, పడుకునేది కాదు. బ్లాజెనా వెళ్లినప్పుడల్లా అమ్మ కళ్ల కింద నలుపు ఇంకాస్త పెరిగేది.

"ఇక్కడ పడుకోమ్మా కాసేపు, నేను మెలకువగా ఉంటా" అనేది.

"నువ్వుండి ఏం చేస్తావే? నోటితో ఊదుతావా?" అనేది అనెష్కా. కోపంగా కాదు. అలసిపోయి.

సెప్టెంబరులో జిల్లా నుంచి కబురు వచ్చింది. ఊరి పండగకు ముందురోజు తనిఖీ. చెరువు నీళ్లు గుట్ట మీది చర్చి పైకప్పును తడపాలి. తడపలేని దళాన్ని రద్దు చేసి, పంపును పక్క ఊరికి ఇచ్చేస్తారు. పక్క ఊరు అడవికి అవతల ఉంది. వాళ్లు వచ్చేసరికి ఇక్కడ బంగాళాదుంపలు ఉడికిపోతాయి.

బ్లాజెనా మామగారి కాళ్లావేళ్లా పడింది. అన్నను బతిమాలింది. ఇద్దరూ ఒకే జవాబు చెప్పారు: ముందు వాళ్లను రమ్మను. పట్టిన కుందేటికి ఇద్దరి దగ్గరా మూడే కాళ్లు.

తనిఖీ రోజు పొద్దున్నే ఇంట్లో పండగ పని. గసగసాలు నూరడం, రేగుపళ్లలాంటి నల్లపళ్ల ముద్ద మరిగించడం, గుండ్రటి తీపి రొట్టెల మీదికి పాలగడ్డ పిండడం. బ్లాజెనా గుడ్డమూట మీద ఇత్తడి ముక్క ఎత్తిపెట్టి, చేతులు తుడుచుకుంటూ చెరువు దగ్గరికి వెళ్లింది. అక్కడ చిటపటలాడే ముఖంతో జిల్లా అధికారి నిలబడి ఉన్నాడు.

"కామ్రేడ్లూ, మొదలుపెట్టండి" అన్నాడు.

మొదట కిందికొస. కొత్త పంపు గుర్రంలా సకిలించింది. నీళ్లు బీరు కొట్టు గుమ్మం దాకా అద్భుతంగా పోయాయి. అక్కడ గొట్టం అయిపోయింది. తర్వాత పైకొస. గొట్టాలు చర్చి గోడ దాకా నీటుగా పరిచారు. అలోయిస్ టోపీ సర్దుకుని చెయ్యి ఊపాడు. బార్బోరా రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ ఒకటి వదిలి, ఇక లేవనని పడుకుంది.

అధికారి జాలిగానే తలాడించాడు. "భోజనం చేసి కాగితం రాస్తాను. రెండూ సోమవారం తీసుకుపోతారు" అని బీరు కొట్టు వైపు నడిచాడు.

ఆయన వీపు తిరగగానే కట్ట మీద మొదలైంది.

"రోగిష్టి ముసలమ్మను తెచ్చి పరువు తీశారు" అన్నాడు వెండెలిన్.

"మా గొట్టాలు చూశావా, దేవుడి గుమ్మం దాకా ఉన్నాయి. మీది తాగుబోతు గొట్టం, బీరు కొట్టు దాటి పోదు" అన్నాడు అలోయిస్.

"అవి గొట్టాలా? అతుకుల బొంతలు. మా పంపు ఒక్క ఊపు ఊపితే పేలికలవుతాయి."

"నీ పంపా? గుట్ట ఎక్కేసరికి దాని నీళ్లకు ఆయాసం వస్తుంది. నా గొట్టం నవ్వుతుంది, నవ్వుతుంది."

బ్లాజెనా అంతవరకు ఏడవబోతోంది. ఈ మాటలు చెవిన పడగానే ఏడుపు ఆగిపోయింది. ఎనిమిదేళ్లుగా తను వీళ్లను కలవండి, కలవండి అని వేడుకుంటోంది. కలవమంటే వీళ్లు ఎప్పటికి కలుస్తారు? చెప్పులు తీసి చేత్తో పట్టుకుని ఇంటికి పరిగెత్తింది. పాలగడ్డ మీంచి ఇత్తడి ముక్క లాగేసుకుని, పాలనీళ్లు కారుతుండగానే వెనక్కి వచ్చి, ఇద్దరి మధ్యా కట్ట మీద ధన్‌మని పడేసింది.

"తేల్చుకోండి మరి" అంది. "అన్నయ్యా, నీ పంపు మావయ్య గొట్టాన్ని చింపేస్తుందన్నావు. చింపు. మావయ్యా, నీ గొట్టం తట్టుకుంటుందన్నావు. తట్టుకోనివ్వు. ఊరికే నోళ్లు నొప్పి పెట్టుకోవడం ఎందుకు?"

వెనక్కి తగ్గడం ఇద్దరిలో ఎవరి వంశంలోనూ లేదు.

"చింపుతా" అన్నాడు వెండెలిన్.

"చూస్తా" అన్నాడు అలోయిస్.

రాదిమ్ ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక వైపు మర తిప్పాడు. ఇంకో వైపు కొక్కేలు నొక్కాడు. ఠక్కున పట్టుకుంది. అతను తల ఎత్తి భార్య వైపు ఒక్కసారి చూశాడు, అంతే.

వెండెలిన్ పంపును పగబట్టి నడిపాడు. గొట్టం కొండచిలువలా ఉబ్బుతూ గుట్ట ఎక్కింది. మొదటి అతుకు దగ్గర నీళ్లు చిమ్మాయి. అలోయిస్ తన ఉత్సవాల కోటు విప్పి, దానికి చుట్టి, మీద కూర్చున్నాడు. "కొట్టు ఇంకా, కొట్టు" అని అరుస్తున్నాడు. రెండో అతుకు దగ్గర పైకొస కుర్రాడు పట్టుకున్నాడు. మూడో అతుకు దగ్గర మనిషి లేడు. అక్కడ నిలబడి వేడుక చూస్తున్న కిందికొసవాడొకడు, ఆలోచించకుండా, రెండు చేతులతో దాన్ని అదిమిపట్టాడు. తను ఎవరి గొట్టం కాపాడుతున్నాడో అతనికి తట్టినట్టు లేదు. తట్టాక కూడా వదల్లేదు.

నీళ్లు చర్చి గోడ ఎక్కాయి. పైకప్పు పెంకులు తడిశాయి. గొట్టం పట్టుకున్నవాడు ఆ జోరుకు నిలవలేక ఒరిగేసరికి ధార ఇంకా పైకి లేచి, బుల్లి గోపురంలోని గంటకు తగిలింది. అసలు గంటను యుద్ధంలో ఫిరంగులకు కరిగించారు. ఆ తర్వాత వేలాడదీసింది చవకరకం ఇనుప గంట. అది పెనం మీద గరిటె కొట్టినట్టు టంగు టంగుమని మోగింది.

బీరు కొట్టు గుమ్మంలో జిల్లా అధికారి చేతిలో ఫోర్కుతో నిలబడి నోరు తెరిచాడు.

"మా పంపు ఎక్కించింది" అన్నాడు వెండెలిన్.

"మా గొట్టం తట్టుకుంది" అన్నాడు అలోయిస్, కింద తడిసి ముద్దయి.

"ఇంతకీ ఏ దళం పేరు రాయను?" అన్నాడు అధికారి. ఇద్దరూ ఒకేసారి నోరు విప్పారు. బ్లాజెనా వాళ్ల ముందుకొచ్చింది. "మెజివొదీ అని రాయండి. ఇది కాకుండా ఇంకో పేరు చెప్పేవాళ్లుంటే, ముందు ఆ ముక్క నాకిచ్చేసి చెప్పమనండి. ఇంట్లో పాలగడ్డ పాడవుతోంది" అంది. అధికారి అలాగే రాసుకున్నాడు.

అప్పుడే వంతెన మీద అలికిడి అయింది. వేళ కాని వేళ గంట విని అనెష్కా మూట వీపున వేసుకుని పరిగెత్తుకొస్తోంది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. కళ్లు ఎక్కడ పొగ ఉందా అని వెతుకుతున్నాయి.

"ఎవరిల్లు?" అంది రొప్పుతూ. "ఎవరిల్లే?"

"ఎవరిదీ కాదమ్మా. నీళ్లు. నీళ్లు తగిలి మోగింది."

అనెష్కా గుట్ట వైపు చూసింది. చర్చి చూరు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత గొట్టం వెంబడే చూపు దించుకుంటూ వచ్చి, ఇత్తడి ముక్క దగ్గర ఆగింది. వంగి దాని మీద చెయ్యి వేసింది. మూట మళ్లీ వీపున సర్దుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. అది చూసి బ్లాజెనాకు గెలిచిన ఆనందమంతా నీరుగారిపోయింది. ఊరంతా చర్చి తడిసిందని గంతులేస్తుంటే, తను మాత్రం ఆ మూట వెళ్లిపోవడమే చూసింది.

మర్నాడు పండగ. తెల్లవారి వంటింట్లోకి వెళితే ఇత్తడి ముక్క లేదు. పాలగడ్డ మీద, చెక్క నడుమ, వాగులోని గుండ్రటి రాయి ఒకటి ఉంది. శుభ్రంగా తోమి ఉంది. అలోయిస్ బల్ల దగ్గర కూర్చుని కాఫీ ఊదుకుంటున్నాడు. కోటు పొయ్యి పక్కన ఆరుతోంది.

"మావయ్యా, నా ముక్క ఏదీ?"

"కొట్టులో ఉంది. గొట్టానికి బిగించేశాను." ఆయన తల ఎత్తలేదు. "పాలగడ్డకు రాయి చాలు."

బ్లాజెనా వెనక్కి తిరిగి పొయ్యి వైపు నిలబడి కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయ తరగడం లేదని మామగారికీ తెలుసు.

మధ్యాహ్నం తీపి రొట్టెల పళ్లెం పట్టుకుని, కూతురు జోర్కా వెంట రాగా పుట్టింటికి వెళ్లింది. జోర్కాకు అప్పుడు ఏడేళ్లు. గుమ్మంలో వెండెలిన్ ఎదురొచ్చి నోటి మీద వేలు పెట్టాడు.

"మెల్లగా. అమ్మ ఇప్పుడే లేచింది. నిన్న పొద్దుగూకక ముందే పడుకుంది. ఇంతసేపూ నిద్రే" అన్నాడు.

లోపల ఈకల దుప్పటి మంచం మీద ఉంది, మడతల గీతలతో, అనెష్కా తల పెట్టుకున్న గుంటతో. తలుపు పక్కన చోటు ఖాళీగా ఉంది. బల్ల మీద మూటలోని సామాను పరిచి ఉంది. ఒక గిన్నె, నాలుగు చెంచాలు, పెళ్లి ఫొటో, బాప్తిస్మం కాగితాలు. వాటి పక్కన చిన్నపిల్లలు వేసుకునే తోలు బూట్లు, ఒక్కసారి కూడా తొడగనివి. అడుగు తోలు కొత్తగా మెరుస్తోంది.

"ఇవెవరివమ్మా?" అంది బ్లాజెనా.

"నీవే" అంది అనెష్కా. "ఆ రోజు నువ్వు మోళ్లలో ఉత్తకాళ్లతో పరిగెత్తావు. మళ్లీ అలా పరిగెత్తకూడదని కొని మూటలో పెట్టాను."

"నేను పెద్దదాన్నయ్యాను కదమ్మా."

"అయ్యావు. మూట విప్పలేదు కదా, నాకెలా తెలుస్తుంది?"

అనెష్కా జోర్కాను పిలిచి బల్ల మీద కూర్చోబెట్టి, ఒక్కొక్క బూటే తొడిగి, తాళ్లు కట్టి, బొటనవేలి దగ్గర నొక్కి చూసింది.

"బిగుతుగా ఉన్నాయి అమ్మమ్మా" అంది జోర్కా.

"తోలు కదే. నడిస్తే సాగుతుంది. పో, చెరువు దాకా నడిచి రా."